నల్లమల అంచు ఊళ్లలో పులులు, చిరుతలు పెరిగితే దుప్పులు మిగలవా?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంత వరకు ఇది. మీ ఊరు మార్కాపురం వైపు నల్లమల అంచున ఉంది. ఏడెనిమిదేళ్లుగా పులి అడుగులు, చిరుత అడుగులు తరచుగా కనిపిస్తున్నాయి. పూర్వం సాయంత్రం వేళ చెరువు దగ్గరికి మందలుగా వచ్చే దుప్పులు ఇప్పుడు రావడం లేదు; చెవులపిల్లులు, కౌజు పిట్టలు కూడా బాగా తగ్గాయి. పెరిగిన పులులలోనూ చిరుతలలోనూ కొన్నింటిని పట్టి వేరే అడవికి తరలించకపోతే మిగిలిన జంతువులు ఏమైపోతాయని, వాటి సంఖ్యను అదుపులో ఉంచవలసిన బాధ్యత అటవీ శాఖకు లేదా అని మీరు అడిగారు. చెరువు కట్ట మీద కనిపిస్తున్న చిరుత కోసం బోను పెట్టమని అర్జీ ఇవ్వాలా అన్నది మీ రెండో ప్రశ్న.

సూటిగా చెబుతాను. పులి వల్ల దుప్పులు అంతరించిపోవు. పులులను, చిరుతలను పట్టి తరలిస్తే వాటి సంఖ్య తగ్గదు, దుప్పుల సంఖ్య పెరగదు. మీ ఊరి దగ్గర దుప్పులు నిజంగానే తగ్గి ఉంటే కారణం ఉచ్చులలోనో, పశువుల మేతలోనో, ఊరకుక్కలలోనో ఉండే అవకాశం ఎక్కువ. చెవులపిల్లులు, కౌజు పిట్టలు కూడా తగ్గాయని మీరు రాయడం చూశాక నా అనుమానం మొదట కుక్కల మీదికే పోయింది. వేటాడే జంతువుల సంఖ్యను అదుపు చేయవలసిన సందర్భాలు లేకపోలేదు. అయితే ఏ జంతువును అదుపు చేయాలో తేల్చుకోవాలంటే దానికి తిండి ఎక్కడి నుంచి వస్తోందో ముందుగా చూడాలి.

నేను ఇరవై ఆరేళ్లు అటవీ శాఖలో క్షేత్రస్థాయిలో పనిచేసి పదవీ విరమణ చేశాను. అందులో పద్నాలుగేళ్లు నల్లమలలోనే గడిచాయి. కింద రాసినవాటిలో కొన్ని అందరికీ తెలిసిన లెక్కలు, కొన్ని నేను కళ్లారా చూసినవి.

ముందుగా పులి తిండి లెక్క. ఒక పెద్దపులి సగటున వారానికి ఒక పెద్ద జంతువును చంపుతుంది. అంటే ఏడాదికి సుమారు యాభై దుప్పులో, కణితులో, అడవి పందులో, మనుబోతులో దానికి కావాలి. అడవిలో ఉన్న గిట్టల జంతువులలో పులి ఏటా తీసుకునే వాటా ఇంచుమించు పదో వంతు అని శాస్త్రవేత్తలు చాలాకాలం కిందటే లెక్కగట్టారు. దీనిని తిరగేసి చూస్తే, ఒక పులి బతకాలంటే దాని పరిధిలో సుమారు అయిదు వందల గిట్టల జంతువులు ఉండాలి. దుప్పి ఏడాదికి ఇంచుమించు ఒక పిల్లను ఈనుతుంది. అయిదు వందల దుప్పులలో సగానికి పైగా ఆడవే ఉంటాయి కాబట్టి, పుట్టిన పిల్లలలో ఎన్నో చనిపోయినా, పులి తీసుకున్న యాభై ఆ పుట్టుకలోనే సరిపోతాయి. ముసలివి, జబ్బుపడినవి, మంద నుంచి విడిపోయినవి దానికి తేలికగా చిక్కుతాయి.

దుప్పులు తగ్గితే ఏమవుతుంది? మొదట దెబ్బ తగిలేది పులి పిల్లలకే. తిండి చాలని తల్లి వేట కోసం దూరం పోతుంది. వెనక మిగిలిన కూనలు ఆకలితోనో, మరో మగపులికి చిక్కో చనిపోతాయి. బతికినవి రెండేళ్ల వయసు దాటేసరికి సొంత పరిధిని వెతుక్కుంటూ వెళ్లిపోతాయి. మధ్యప్రదేశ్‌లోని కన్హా వంటి సమృద్ధమైన అడవుల్లో ఇరవై చదరపు కిలోమీటర్లలో సర్దుకుపోయే ఆడపులికి, మన నల్లమల వంటి ఎండు అడవిలో అంతకు కొన్ని రెట్లు కావలసి వస్తుంది. ఇంత పెద్ద అడవిలో పులులు ఇంత పలచగా ఉండడానికి కారణం ఇదే. శాఖ ఏ ఆంక్షా పెట్టకపోయినా, గడ్డి, నీరు, దుప్పులు కలిసి పులుల సంఖ్యను ఒక హద్దులో ఉంచుతాయి.

పులులు పెరిగిన మాట వాస్తవమే. నాలుగేళ్లకు ఒకసారి జరిగే జాతీయ గణన ప్రకారం దేశంలో 2006లో 1,411 పులులు ఉండగా, 2018లో 2,967, 2022లో 3,682 ఉన్నట్లు అంచనా వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 48 ఉంటే 2022 నాటికి అవి 63 అయ్యాయి. అదే కాలంలో తెలంగాణలో 26 నుంచి 21కి తగ్గాయన్నది కూడా గమనించాలి. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం ఆంధ్ర వైపే మూడు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. కృష్ణకు ఆవలి ఒడ్డున, తెలంగాణ వైపు ఉన్న ఆమ్రాబాద్ మరో రెండు వేల ఆరు వందల పైచిలుకు. ఇంతటి అడవికి ఆ పులులు ఎక్కువేమీ కాదు. పూర్వం అడుగుజాడలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చులు తీసి లెక్కించిన రోజుల్లో సంఖ్యలను నమ్మడం కష్టంగా ఉండేది. ఇప్పుడు రెండేసి చదరపు కిలోమీటర్ల గడులకు జత కెమెరాలు కట్టి, ప్రతి పులినీ దాని చారలను బట్టి గుర్తిస్తున్నారు. మీ ఊరి దగ్గర అయిదు చోట్ల కనిపించిన అడుగులు ఒకే పులివి కావచ్చు. ఒక్క రాత్రిలో అది పదిహేను, ఇరవై కిలోమీటర్లు నడవగలదు.

మరి చెరువు దగ్గర దుప్పులు ఎందుకు కనిపించడం లేదు? ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను పనిచేసిన ఒక సెక్షన్‌లో వేసవి సాయంత్రాల్లో ఒక కుంట దగ్గర అరవై, డెబ్బై దుప్పులు గుంపుగా నీళ్లకు వచ్చేవి. ఒక ఏడాది అక్కడ ఒక ఆడపులి మూడు కూనలతో స్థిరపడింది. మూడు నెలలు తిరిగేసరికి కుంట దగ్గర ఒక్క దుప్పి కూడా కనిపించకుండా పోయింది. పులి అన్నింటినీ తినేసిందని ఊరివాళ్లు అన్నారు. మా సిబ్బందిలో కొందరు కూడా అదే నమ్మారు. ఆ వేసవిలో గణన కోసం రెండు కిలోమీటర్ల గీత వెంట వరుసగా ఉదయం నడకలు నడిచాం. పెద్ద మందలు లేవు గాని, అయిదారు దుప్పులున్న చిన్న గుంపులు చాలాచోట్ల తగిలాయి. అవి సాయంత్రం బదులు పగటి ఎండలో నీళ్లకు వస్తున్నాయని ఆ తరువాత కెమెరాలలో తెలిసింది. మొత్తం సంఖ్యలో చెప్పుకోదగిన తేడా లేదు. దుప్పులు తిరిగే చోటు, వేళ, మంద పరిమాణం మాత్రమే మారాయి. మాతో నడిచిన చెంచు ట్రాకర్ మొదటి రోజే ఆ మాట చెప్పాడు. లేత చిగుళ్ల మీద కొరికిన గుర్తులను, తాజా పెంటికలను చూపించి, "ఇక్కడే ఉన్నాయి సారు, మనకు కనబడతలేవు అంతే" అన్నాడు. మేము కాగితం మీద దానిని రుజువు చేయడానికి ఆరు వారాలు పట్టింది.

ఈ మార్పు అడవికి మేలు చేస్తుందనే నేను అనుకుంటాను. వేటాడే జంతువు భయం లేని చోట దుప్పులు నీటి చుట్టూనే కుదురుకుని, మొలకెత్తిన ప్రతి చిగురునూ కొరికేస్తాయి. భయం ఉన్న చోట అవి కదులుతూ ఉంటాయి. అమెరికాలోని ఐల్ రాయల్ దీవిలో తోడేళ్లు దగ్గరి రక్తసంబంధంలోనే జతకట్టడం వల్ల క్షీణించి రెండే మిగిలినప్పుడు, మూస్ అనే పెద్ద దుప్పులు రెండు వేలకు పెరిగి దీవిలోని చెట్లను దెబ్బతీశాయి. చివరికి 2018, 2019 సంవత్సరాల్లో పందొమ్మిది తోడేళ్లను బయటి నుంచి తెచ్చి వదలవలసి వచ్చింది.

అయితే ప్రతిచోటా దుప్పులు కనుమరుగైపోవడానికి భయమే కారణమని నేను అనను. అదే డివిజన్‌లోని మరో చోట దుప్పులు నిజంగానే తగ్గాయి. అక్కడ పులి స్థిరంగా లేనే లేదు. ఒక వాగు పొడవునా మేము నెల రోజులు గాలిస్తే నలభైకి పైగా ఉచ్చులు దొరికాయి. చాలా వరకు మోటారు సైకిలు క్లచ్ వైరుతో కట్టినవి. కొన్ని చోట్ల విద్యుత్తు తీగకు కొక్కెం తగిలించి నేల మీద పరిచిన ఇనుప తీగలు. పందుల కోసం పెట్టామన్నారు. ఆ తీగకు పంది, దుప్పి, ఎలుగుబంటి, పులి అన్న తేడా ఉండదు. వందల పశువులు ఆ వాగు గడ్డినంతా ఏప్రిల్‌కే మేసేయడం రెండో కారణం. పులి ఏటా యాభై జంతువులను తీసుకుంటుంది. అలాంటి ఒక ఉచ్చుల వరుసకు ఎన్ని బలవుతాయో ఎవరి రిజిస్టరులోనూ ఉండదు.

ఇప్పుడు కుక్కల సంగతికి వస్తాను. మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడే ఉందని నా నమ్మకం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

పులి సంఖ్యకు దుప్పి సంఖ్య హద్దు గీస్తుందని పైన చెప్పాను. కుక్కకు ఆ హద్దు లేదు. దానికి తిండి మన ఇళ్ల నుంచి, హోటళ్ల వెనక పారేసిన విస్తళ్ల నుంచి, కోళ్ల ఫారాలు బయట పారబోసే చచ్చిన కోళ్ల నుంచి వస్తుంది. అడవిలో చెవులపిల్లి ఒక్కటి కూడా మిగలకపోయినా ఊళ్లో కుక్కల సంఖ్య తగ్గదు. కడుపు నిండిన కుక్క కూడా జంతువు పరుగెడితే తరుముతుంది, తినకపోయినా చంపుతుంది. తిండికి అడవి మీద ఆధారపడకుండా అడవిలో వేటాడే జంతువు మాత్రమే మరో జంతువును చివరిదాకా తుడిచిపెట్టగలదు. మన ప్రాంతంలో అలాంటిది ఊరకుక్క ఒక్కటే.

దీని దెబ్బ నేల మీద గూడు పెట్టే పక్షులకు, పొదల్లో పిల్లలను దాచే జంతువులకు ఎక్కువగా తగులుతుంది. కౌజులు, తీతువులు, చెవులపిల్లులు, ఉడుములు, దుప్పి పిల్లలు, కృష్ణజింక పిల్లలు దీనికి గురవుతాయి. తల్లి జింక పుట్టిన పిల్లను కొన్ని రోజులపాటు గడ్డిలో పడుకోబెట్టి దూరంగా మేస్తుంది. పులికి, చిరుతకు కనిపించకుండా ఉండడానికి అది మంచి ఉపాయం. వాసన పట్టి గుంపుగా పొలం పొలం గాలించే కుక్కల ముందు అది పనిచేయదు. కర్నూలు ప్రాంతంలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడును బట్టమేక పిట్ట కోసమే 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పక్షి ఒక విడతకు సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది, అది కూడా వట్టి నేల మీద. అక్కడ బట్టమేక కనుమరుగు కావడానికి చుట్టుపక్కల గడ్డి నేలలు సాగులోకి రావడం వంటి పెద్ద కారణాలు ఉన్నాయి, వాటిని తక్కువ చేయను. కానీ మిగిలిన కొద్దిపాటి పక్షుల మధ్య కుక్కలు తిరుగుతుంటే ఆ ఒక్క గుడ్డు పొదిగేదాకా నిలవడం ఎంత కష్టమో ఎవరికైనా అర్థమవుతుంది.

జబ్బుల విషయం ఇంకా తీవ్రమైనది. కుక్కలలో సాధారణంగా కనిపించే డిస్టెంపర్ వైరస్ సింహాలకు, పులులకు, చిరుతలకు, రేచుకుక్కలకు, నక్కలకు సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటీలో సింహాలలో మూడో వంతు ఈ వ్యాధితోనే చనిపోయాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు మరణించినప్పుడు ఇదే వైరస్ బయటపడింది. నల్లమలలో చిరుత ఊరి అంచుకు వచ్చి కుక్కను తిన్న ప్రతిసారీ నాకు ఈ భయమే ఉండేది.

నేను చూసిన ఒక సంఘటన చెబుతాను. అడవి మధ్య ఉన్న ఒక యాత్రాస్థలం దగ్గర భక్తుల అన్నదానం మిగులును ఏళ్ల తరబడి వెనకనున్న లోయలో పారబోసేవారు. అక్కడ ఒక మాఘమాసంలో నేను లెక్కపెట్టినప్పుడు నూట పది కుక్కలు ఉన్నాయి. లోయ చుట్టూ రెండు కిలోమీటర్ల మేర దుప్పి పిల్ల అన్నది మా కెమెరాలలో పడలేదు. రెండు కిలోమీటర్లు దాటితే పడుతోంది. పారబోసే చోటు మార్చి, గుంతలో పూడ్చమని నేను రెండేళ్లు ఉత్తరాలు రాశాను. ఉత్తరాలకు జవాబు రాలేదు. ఆ తరువాత వచ్చిన ఒక స్థానిక అధికారి చొరవతో లోయలో పారబోయడం ఆగింది. కుక్కలను ఎవరూ చంపలేదు. పద్దెనిమిది నెలల్లో ముప్పై అయిదు మిగిలాయి. వాటికి ఆపరేషన్లు చేయించి, టీకాలు వేయించాం. మూడో ఏట ఆ లోయ అంచున పిల్లతో ఉన్న దుప్పి కెమెరాకు చిక్కింది. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది.

చిరుత సంగతి పులికీ కుక్కకీ మధ్యలో ఉంటుంది. పులి బలపడిన చోట చిరుత అడవి నడుమ నుంచి అంచులకు జరుగుతుంది. అంచున దానికి తేలికగా దొరికేది కుక్క. మహారాష్ట్రలోని అకోలే ప్రాంతంలో చెరకు తోటల మధ్య బతికే చిరుతల తిండిని వన్యప్రాణి పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం పరిశీలించినప్పుడు అందులో అన్నిటికన్నా ఎక్కువ వాటా కుక్కలదేనని తేలింది. కాబట్టి మీ చెరువు కట్ట మీదికి చిరుత వస్తోందంటే ఆ చుట్టుపక్కల కుక్కలు ఎక్కువగా ఉన్నాయని అర్థం చేసుకోవచ్చు. చిరుతను తీసేసి కుక్కలను ఉంచితే మరో చిరుత వస్తుంది.

ఇక పట్టి తరలించడం ఎందుకు పనికిరాదో చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అదే పరిష్కారమని నమ్మినవాణ్ణి. ఒక ఊరి దగ్గర మేకలను ఎత్తుకుపోతున్న పెద్ద మగ చిరుతను పట్టి, తొంభై కిలోమీటర్ల దూరంలో వదిలాం. ఊళ్లో మాకు సన్మానం చేశారు. అయిదు నెలల్లో అదే చోటికి రెండు చిరుతలు వచ్చాయి. రెండూ వయసులో చిన్నవి, వేటలో అనుభవం లేనివి. వాటి వల్ల పోయిన మేకలు పాత చిరుత తిన్నవాటికన్నా ఎక్కువ. పరిధి గల పెద్ద జంతువు ఉన్నంత కాలం అది చిన్నవాటిని దూరంగా ఉంచుతుంది. దానిని తీసేస్తే ఖాళీ అయిన చోటు కోసం ఒకటికి రెండు వస్తాయి. మనం వదిలిన చిరుత సంగతి కూడా ఆలోచించాలి. కొత్త చోట దానికి నీరు, దారి తెలియవు. అక్కడి చిరుతలు తరిమికొడతాయి. చివరికి అది ఏదో ఒక ఊరి పక్కకే చేరుతుంది. మహారాష్ట్రలోని జున్నర్‌లో 2000 తరువాతి సంవత్సరాలలో మనుషుల మీద దాడులు హఠాత్తుగా పెరిగినప్పుడు, పట్టి వదిలిన చిరుతలకు, ఆ దాడులకు ఉన్న సంబంధాన్ని పరిశోధకులు ఎత్తి చూపారు. ఒడిశాలోని సత్కోసియాకు 2018లో మధ్యప్రదేశ్ నుంచి రెండు పులులను తెచ్చారు. మగపులి ఆ ఏడాదే ఉచ్చు గాయంతో చనిపోయింది. ఆడపులి మనుషుల మరణానికి కారణమైందని దానిని బంధించారు. తెచ్చినది పులులు పెరగడం కోసమే. ఉచ్చులు ఉన్న, ఎర జంతువులు పలచబడిన, చుట్టుపక్కల ప్రజలను సిద్ధం చేయని అడవికి పులిని చేర్చడం వల్ల అక్కడి పులికీ మేలు జరగలేదు, మనుషులకూ జరగలేదు.

ఇందుకు మినహాయింపు ఉంది, దాని విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. మనిషిని వేటగా చూడడం మొదలుపెట్టిన జంతువును వెంటనే తీసేయాలి. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపినప్పుడు బోనులు పెట్టి పట్టడం తప్పనిసరి చర్య. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్ ఇందుకు వీలు కల్పిస్తుంది. మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారిన జంతువును పట్టడానికి, అది ఏ విధంగానూ సాధ్యం కాకపోతే చంపడానికి కూడా ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వవచ్చు. అయితే ఇది ఒక ఫలానా జంతువు మీద తీసుకునే చర్య. దానిని సంఖ్య తగ్గించే పథకంగా మార్చకూడదు. తిరుమలలో కూడా మధ్యాహ్నం రెండు తరువాత పిల్లలను నడకదారిలోకి అనుమతించకపోవడం, భక్తులను గుంపులుగా పంపడం వంటి ఏర్పాట్లు బోనులతో పాటు అవసరమయ్యాయి.

రెండో మినహాయింపు, ఎర జంతువు చాలా కొద్ది సంఖ్యలో ఒకేచోట మిగిలినప్పుడు వస్తుంది. మామూలు దుప్పులకు ఇది వర్తించదు. కన్హాలో బారాసింగా అనే పెద్ద జింకలు 1970 నాటికి 66 మాత్రమే మిగిలినప్పుడు, పులి మామూలుగా తీసుకునే వాటా కూడా ప్రమాదంగా మారింది. అప్పుడు అక్కడివారు పులులను తరలించలేదు. పులి చొరబడలేని కంచె వేసి కొన్ని బారాసింగాలను అందులో పెంచారు. ఊళ్లు ఖాళీ అయిన చోట్ల గడ్డి నేలలను పునరుద్ధరించారు. బారాసింగాలు వందలకు చేరాయి, పులులూ పెరిగాయి. నేను చదివిన ఇన్ని ఉదాహరణల్లో నాకు ఎక్కువగా నచ్చింది ఇదే.

అడవి లోపల శాఖ చేయవలసిన పనులు మీకు తెలిసినవే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఉచ్చుల కోసం రోజూ గాలింపు, వయ్యారిభామ, లాంటానా వంటి కలుపు మొక్కలు తీసి గడ్డి పెంచడం, బేస్ క్యాంపుల్లో పనిచేసే చెంచులకు నెల నెలా జీతం అందడం, దోర్నాల-శ్రీశైలం దారిలో అమలవుతున్న రాత్రి వాహనాల నిషేధం వంటివి పనిచేస్తాయి. సాసర్ పిట్ల (జంతువుల కోసం కట్టే పళ్లెం ఆకారపు నీటి తొట్లు) విషయంలో నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. వేసవిలో ట్యాంకర్లతో నీళ్లు నింపడం అవసరమే గాని, ఊరికి దగ్గరలో అతిగా కడితే దుప్పులను, వాటి వెనకే పులిని మనమే ఊరి వైపుకు పిలిచినట్టవుతుంది. నేను రెండు పిట్లను మూయించి లోపలి వాగు దగ్గరికి మార్పించాను.

వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, అడవికి అడవికి మధ్య దారులు తెరిచి ఉంచడం. ఎదిగిన కూనలు నల్లమల నుంచి దక్షిణంగా లంకమల మీదుగా శేషాచలం వైపు వెళ్లగలిగితే, ఇక్కడ పులులు ఎక్కువయ్యాయన్న ప్రశ్న చాలా వరకు దానంతట అదే తీరుతుంది. దారిలో ఎర జంతువులు లేకపోతే ఏమవుతుందో ఆసిఫాబాద్ జిల్లాలో చూశాం. మహారాష్ట్ర వైపు నుంచి కాగజ్‌నగర్ అడవుల్లోకి వచ్చే పులులకు అక్కడ దుప్పుల కన్నా పశువులు సులువుగా దొరుకుతున్నాయి. 2020 నవంబరులో ఆ జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు. 2024 జనవరిలో రెండు పులులు మృతి చెందినప్పుడు పశువు కళేబరం మీద విషం చల్లారని దర్యాప్తులో తేలింది. పశువు పోయిన రైతుకు పరిహారం వారాల్లో చేతికందితే ఆ విషం డబ్బా బయటకు రాదని నేను నమ్ముతాను. నా సర్వీసులో ఒక రైతు గేదె పరిహారం కోసం పదకొండు నెలలు తిరిగాడు. ఆ ఊళ్లో ఆ తరువాత మాకు ఎవరూ పులి సమాచారం ఇవ్వలేదు.

ఇక మీ ఊరికి. మొదట, చనిపోయిన జంతువు కనిపించినప్పుడు ఏది చంపిందో గుర్తుపట్టడం నేర్చుకోండి. పులి, చిరుత సాధారణంగా గొంతును గాని మెడను గాని పట్టి చంపుతాయి. అక్కడ కోరల రంధ్రాలు లోతుగా, జతగా ఉంటాయి, కళేబరాన్ని ఈడ్చుకుపోయిన జాడ ఉంటుంది. పులి తొడల వైపు నుంచి తినడం మొదలుపెడుతుంది. చిరుత ఎక్కువగా పొట్ట, ఛాతీ వైపు నుంచి. వెనక కాళ్ల మీద, పక్కల మీద, తోక దగ్గర చాలా చోట్ల చిరుగులు ఉండి, గొంతు దగ్గర శుభ్రమైన కాటు లేకపోతే అది ఎక్కువగా కుక్కల పనే. ఫోన్‌తో ఫొటో తీసి తేదీ, చోటు రాసి పెట్టుకోండి. ఆరు నెలలు ఇలా చేస్తే మీ దగ్గర ఒక లెక్క ఉంటుంది. దానిని పట్టుకుని రేంజ్ కార్యాలయానికి వెళితే మీ మాటకు బరువు ఉంటుంది. మీ పశువును పులిగాని చిరుతగాని చంపితే కళేబరాన్ని కదిలించకుండా, అదే రోజు బీట్ అధికారికి చెప్పండి. కదిలిస్తే పరిహారానికి ఆధారం పోతుంది.

రెండవది, పంచాయతీ ద్వారా కుక్కల పని మొదలుపెట్టించండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలను పట్టి, ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. దానితో పాటు డిస్టెంపర్ టీకా కూడా వేయమని పశువైద్యుణ్ణి అడగండి. అడవి అంచు ఊళ్లకు అది మరీ అవసరం. ఈ నిబంధనలో ఒక ఇబ్బంది ఉందని దాచను. ఆపరేషన్ అయిన కుక్క పిల్లలను పెట్టదు గాని, బతికున్నంత కాలం వేటాడుతూనే ఉంటుంది. కాబట్టి ఆపరేషన్ ఒక్కటే చాలదు. చచ్చిన కోళ్లను, పశువులను ఊరి బయట పారేయడం ఆపి పూడ్చాలి. మేకల కాపరులు తమ కుక్కలను రాత్రిపూట దొడ్డి దగ్గర కట్టేయాలి. కౌజులు, తీతువులు గూళ్లు పెట్టే ఎండాకాలంలోనూ, తొలకరి రోజుల్లోనూ కుక్కలను అడవిలోకి తీసుకుపోకపోతే చాలు, తేడా రెండేళ్లలో కనిపిస్తుంది.

చెరువు కట్ట మీది చిరుత విషయంలో బోను కోసం అర్జీ ఇప్పుడే ఇవ్వకండి. మనిషి కనిపిస్తే అది పొదలోకి తప్పుకుంటోందని మీరే రాశారు. అది ఆరోగ్యంగా ఉన్న, మనుషులంటే జంకే చిరుత. మనిషిని చూసి తప్పుకోకుండా నిలబడడం, పగటిపూట ఇళ్ల మధ్యకు రావడం, పిల్లల వెంట నడవడం వంటివి కనిపిస్తే మాత్రం అదే గంటలో రేంజ్ అధికారికి ఫోన్ చేసి, రాతపూర్వకంగా కూడా ఇవ్వండి. అంతవరకు కట్ట మీది పొదలను కొట్టించి, ఒక దీపం పెట్టించండి. చీకటి పడ్డాక, తెల్లవారకముందు పిల్లలను ఒంటరిగా ఆ వైపు పంపవద్దు. మేకల దొడ్డికి పైకప్పు వేయించండి. ఆరడుగుల గోడను చిరుత సులువుగా దూకుతుంది, కప్పు ఉన్న దొడ్డిలోకి దిగలేదు. మీ చెరువు నుంచి అడవి హద్దు ఎంత దూరమో, ఊళ్లో సుమారుగా ఎన్ని కుక్కలు ఉన్నాయో, చచ్చిన పశువులను ఎక్కడ పారేస్తున్నారో రాస్తే, దొడ్డి ఎక్కడ ఉండాలో, దీపం ఏ వైపు పెట్టాలో ఇంకా వివరంగా చెప్పగలను.